ఆకలితో చచ్చిపోతున్న కుక్కకి అన్నం ఎందుకు పెట్టరు?

గోనె సంచిలో చుట్టి ఆటోలో జంతువుల షెల్టర్‌కి తెచ్చారు దాన్ని. హైదరాబాద్‌లో నాగోల్ వైపు ఒక అపార్ట్‌మెంట్. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు టెర్రస్ మీద గొలుసుతో కట్టేసి వదిలేసిన లాబ్రడార్. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెంట వచ్చింది ఇద్దరు: ఆ బిల్డింగ్ వాచ్‌మన్, అక్కడే అద్దెకుండే ఇంజనీరింగ్ అమ్మాయి. అమ్మాయి చేతిలో స్టీలు డబ్బా, అందులో పెరుగన్నం. దిగీ దిగగానే కుక్క ముందు మూత తీయబోయింది. షెల్టర్ కాంపౌండర్ డబ్బా అందుకుని, మూత బిగించి, తీసుకెళ్లి మందుల అల్మారా మీద పెట్టేశాడు.

"జర ఆగక్కా. ఇప్పుడేం పెట్టొద్దు."

తర్వాత డాక్టరమ్మ వచ్చి కుక్కని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసింది. తూకం వేయించింది. పద్నాలుగు కిలోలు. ఆ జాతి కుక్క ఆ ఎత్తుకి ఇరవై ఎనిమిది, ముప్ఫై ఉండాలి. "అన్నం పెట్టరంట గానీ ఫోటోలు మాత్రం తీసుకుంటరు" అని అమ్మాయి గొణిగింది. తప్పు పట్టలేను. ఆదివారాలు నేను అక్కడికెళ్లి గిన్నెలు కడగడం, ఇంజెక్షన్ వేసేటప్పుడు కాళ్లు పట్టుకోవడం లాంటి పనులు చేస్తుంటా. మొదట్లో నేనూ అలాగే గొణిగేవాణ్ని. నిర్లక్ష్యానికి గురైన జంతువుకి చేసే అత్యవసర వైద్యంలో సగం పనులు బయటివాళ్లకి కఠినంగానే కనిపిస్తాయి. అన్నం పెట్టరు, స్నానం చేయించరు, నొప్పి మాత్ర వెయ్యరు, ఫోన్ చేస్తే "ఖాళీ లేదు" అంటారు. ఒక్కోదాని వెనుక ఒక లెక్క ఉంది. ఆ డబ్బా దగ్గర్నుంచే మొదలుపెడదాం.

పెరుగన్నం లెక్క

తిండి దొరకనప్పుడు ఒళ్లు తనను తానే తింటుంది. మొదట కాలేయంలో దాచుకున్న చక్కెర, తర్వాత కొవ్వు, చివరికి కండ. ఈ రోజులన్నీ ఇన్సులిన్‌కి పెద్దగా పనుండదు. కణాల్లో ఉండాల్సిన ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు మెల్లగా కరిగిపోతుంటాయి. అయినా రక్తపరీక్షలో అవి మామూలుగానే కనిపించొచ్చు. గోదాము ఖాళీ అయిపోయినా, కౌంటర్ మీద నాలుగు ప్యాకెట్లు సర్దిపెట్టిన కిరాణా కొట్టు లాంటిదన్నమాట.

అలాంటి కుక్కకి కడుపునిండా అన్నం పెట్టామనుకోండి. అన్నంలోని పిండిపదార్థం చక్కెరై రక్తంలోకి వస్తుంది, ఇన్సులిన్ ఒక్కసారిగా లేస్తుంది. కణాలు చక్కెరతో పాటు రక్తంలో మిగిలిన ఆ కాస్త ఫాస్ఫరస్‌నీ, పొటాషియంనీ కూడా లోపలికి లాగేసుకుంటాయి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఫాస్ఫరస్ బాగా పడిపోతే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి, ఊపిరి తీసే కండరాలకి సత్తువ పోతుంది. పిండిపదార్థాన్ని వాడుకోవాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్ కావాలి. అదీ అడుగంటి ఉంటుంది కాబట్టి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్లు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మనుషుల్లో దీన్ని స్పష్టంగా గుర్తించింది రెండో ప్రపంచయుద్ధం ముగిశాక. నెలల తరబడి ఆకలితో మాడి శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో కొందరు, కడుపునిండా తిన్నాక చనిపోయారు.

దీని మోసమంతా వ్యవధిలో ఉంది. పెట్టిన గంటలో ఏమీ కాదు. కుక్క తోక ఊపుతుంది, గిన్నె నాకుతుంది, తెచ్చినవాళ్లు వీడియో తీసుకుని సంతోషంగా వెళ్తారు. రెండో రోజో నాలుగో రోజో, కోలుకుంటోందనుకున్నప్పుడు కుప్పకూలుతుంది. అప్పటికి పెరుగన్నం సంగతి ఎవరికీ గుర్తుండదు. "బాగానే తిన్నది సార్, ఏమైందో మరి" అంటారు.

మరి ఎంత పెట్టాలి? కుక్క కదలకుండా పడుకున్నా దానికి కావాల్సిన శక్తిని లెక్కగట్టడానికి పశువైద్యులు వాడే తేలిక సూత్రం ఒకటుంది: బరువుని 30తో గుణించి 70 కలపాలి. మన లాబ్రడార్ 14 కిలోలు. 420కి 70 కలిపితే 490 కేలరీలు. మొదటి రోజు ఇందులో పావు వంతు, మహా అయితే మూడో వంతు. పావంటే 120 కేలరీల చిల్లర. ఒక ఉడకబెట్టిన కోడిగుడ్డు 75 దాకా ఇస్తుంది. దానికి తోడు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ రెండు మూడు చిన్న ముక్కలు. అంతే, రోజు మొత్తానికి. అదీ ఐదారు సార్లుగా పంచి, ఒక్కోసారి అరచేతిలో పట్టేంత. అన్నం బదులు గుడ్డూ చికెనూ ఎందుకంటే ఇన్సులిన్‌ని రెచ్చగొట్టేది పిండిపదార్థం కనుక. థయమిన్ ఇంజెక్షన్ తిండికి ముందే పడుతుంది. నాలుగైదు రోజుల్లో మెల్లగా పూర్తి లెక్కకి తీసుకొస్తారు. ఆ తర్వాతే అసలు బరువుకి తగ్గ తిండి.

అన్నం కంటే ముందు ఒళ్లు వెచ్చబడాలి

ఆ లాబ్రడార్‌కి థర్మామీటర్ పెడితే 97 చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉండాలి. మనకి జ్వరమనిపించేది దానికి మామూలు, మనకి దాదాపు మామూలైనది దానికి ప్రమాద సంకేతం. కొవ్వూ కండా లేని ఒళ్లు వేడిని పట్టుకోలేదు. చల్లబడ్డ ఒంట్లో పేగులు కదలవు. పేగులు కదలనప్పుడు తిండి పెడితే వాంతి చేసుకుంటుంది, పడుకుని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే వరుస ఇలా ఉంటుంది: ముందు వెచ్చదనం, ఆ తర్వాత నీళ్లూ లవణాలూ, చివరికి అన్నం.

వెచ్చదనమంటే ఏ యంత్రమూ కాదు. వేడినీళ్లు పోసిన సెలైన్ సీసాలు, వాటికి చుట్టిన పాత తువ్వాళ్లు, కింద గోనె సంచులు. తువ్వాలు చుట్టకుండా సీసా ఆనిస్తే చర్మం కాలుతుంది, కుక్కకి కదిలే ఓపిక ఉండదు కాబట్టి అరవదు కూడా. వచ్చిన రోజే షాంపూ పెట్టి స్నానం చేయించకపోవడానికీ కారణం ఇదే. కంపు కొడుతున్నా సరే, తడిస్తే ఒళ్లు ఇంకా చల్లబడుతుంది.

ఇదంతా జరుగుతుండగానే డాక్టరమ్మ పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. నన్నడిగితే, జంతువుల గురించి మామూలు మనుషులు నేర్చుకోవాల్సిన మొదటి పని ఇదే. లేత గులాబీ రంగైతే పర్వాలేదు. సున్నం గోడలా తెల్లబడితే రక్తం తక్కువ, లేదా షాక్. నీలం తిరిగితే గాలి అందడం లేదు. ఇటుక ఎరుపైతే ఎండదెబ్బో, రక్తంలో ఇన్ఫెక్షనో. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మెడ దగ్గర చర్మం పైకి లాగి వదిలితే నీళ్లు తగ్గాయో లేదో తెలుస్తుందని చాలామంది చెబుతారు. నిజమే గానీ, ఇంత బక్కచిక్కిన కుక్కలో ఆ పరీక్ష అబద్ధం చెబుతుంది. చర్మం కింద కొవ్వు లేదు కనుక నీళ్లు సరిపడా ఉన్నా మడత అలాగే నిలబడుతుంది. దాన్ని నమ్ముకుని సెలైన్ గబగబా ఎక్కిస్తే, బలహీనపడ్డ గుండె మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

షుగర్ చూడ్డానికి మన ఇళ్లలో ఉండే గ్లూకోమీటరే. చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క. పడిపోయి ఉంటేనే గ్లూకోజ్ ఇస్తారు. "నీరసంగా ఉంది కదా, ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టండి" అని అందరూ అడిగే మాటే, కానీ పెరుగన్నంతో వచ్చే చిక్కు గ్లూకోజ్‌తోనూ వస్తుంది.

నొప్పి మాత్ర సంగతీ ఇలాంటిదే. ఒంట్లో నీరు తగ్గిన కుక్కకి మెలోక్సికామ్ లాంటి మందు వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే సెలైన్ పడి మూత్రం వచ్చేదాకా వేరే రకం మందులతో నెట్టుకొస్తారు. ఇళ్లలో జనం వేసే మాత్రలది ఇంకో కథ. జ్వరానికి మనం మింగే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపడానికి చాలు. దాన్ని విరిచేసే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. పిల్లి మూలుగుతోందని జాలిపడి సగం మాత్ర పాలల్లో కలిపి తాగించి, తెల్లారి షెల్టర్‌కి తెచ్చినవాళ్లని చూశాను. చిగుళ్లు గోధుమరంగులోకి తిరిగి ఉంటాయి, మొహం వాచి ఉంటుంది.

ఫోటోలు ఎందుకు తీస్తారంటే

ఆ అమ్మాయి గొణిగిన మాటకి జవాబు కోర్టులో ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులో 11వ సెక్షన్ ప్రకారం పెంచుకునే జంతువుకి తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. విడవకుండా గంటల తరబడి గొలుసుతో కట్టేయడం నేరం. ఆకలితో అల్లాడేలా వదిలేసి పోవడం నేరం. మన లాబ్రడార్ యజమాని ఈ మూడూ చేశాడు. శిక్ష? మొదటిసారైతే పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. మీరు చదివింది సరిగ్గానే ఉంది. 1960లో పెట్టిన యాభై ఇప్పటికీ యాభయ్యే. ట్యాంక్‌బండ్ దగ్గర బండి రాంగ్ పార్కింగ్ చేస్తే ఇంతకంటే ఎక్కువ కట్టాలి.

పైగా ఈ సెక్షన్‌లోని చాలా నేరాల్లో పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా నేరుగా అరెస్టు చేయలేరు. అందుకని జంతువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా వర్తించే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద కేసు కట్టడానికి ప్రయత్నిస్తారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే దెబ్బ తిన్నదనీ, అది ఫలానా మనిషి వల్లేననీ రుజువు కావాలి. ఆ రుజువు కుక్క ఒంటి మీదే ఉంది, రోజులు గడిచేకొద్దీ అది చెరిగిపోతుంది. మంచి వైద్యం చేస్తే ఇంకా త్వరగా చెరిగిపోతుంది. కాబట్టి సూది గుచ్చకముందే తేదీతో ఫోటో, తూకం, ఒంట్లో కొవ్వూ కండా ఎంత ఉన్నాయో 1 నుంచి 9 దాకా వేసే మార్కు. 1 అంటే ఎముకల గూడు, 4, 5 అంటే చక్కగా ఉన్నట్టు. మన కుక్కకి 1 పడింది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది తూకం రిజిస్టర్. యజమాని తరఫు వకీలు ఏమంటాడు? "తిండి పెడుతూనే ఉన్నాం సార్, దానికేదో జబ్బుండి చిక్కిపోయింది" అంటాడు. వేరే మందు ఏదీ అక్కర్లేకుండా, తిండి ఒక్కటే పెడితే కుక్క వారం వారం బరువు పెరిగిందని రిజిస్టర్‌లో ఉందనుకోండి, ఆ వాదన అక్కడితో ఆగిపోతుంది. జబ్బు కాదు, ఆకలే. మొదటి రెండు రోజుల్లో సెలైన్ వల్ల పెరిగిన బరువు లెక్కలోకి రాకూడదని, నీళ్ల లోటు తీరాక ఇంకోసారి తూచి దాన్నే మొదటి అంకెగా రాస్తారు. మెడ నుంచి విప్పిన గొలుసూ పటకా కూడా పారేయరు. కవర్‌లో వేసి, తేదీ రాసి, అంటించి పెడతారు. కేసు నడిచినంత కాలం ఆ జంతువు షెల్టర్‌లోనే ఉండేలా మేజిస్ట్రేట్ ఆదేశించడానికీ, పోషణ ఖర్చు యజమాని నుంచి రాబట్టడానికీ 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. నియమం ఉంది కదా అని డబ్బు చేతికి వస్తుందనుకోకండి.

మెడలో పటకా, గాయంలో పురుగు

పటకా అంటే గుర్తొచ్చింది. నిర్లక్ష్యం ఎప్పుడూ దుర్మార్గుల చేతుల మీదుగానే రాదు. వీధి కుక్కపిల్ల ముద్దుగా ఉందని ఎవరో పిల్లలు మెడలో తాడు కడతారు, లేదా రాత్రి బండ్లకి కనబడాలని మెరిసే పటకా వేస్తారు. మూడు నెలల్లో కుక్క రెట్టింపవుతుంది, పటకా కాదు. చర్మం కోసుకుంటుంది, తెగిన చర్మం పటకా మీదుగా పెరుగుతుంది, చివరికి తాడు మాంసంలో మునిగిపోయి పైకి కనిపించదు. కంపు మాత్రం వస్తుంది. వానాకాలంలో ఆ కంపుకి ఈగ వాలుతుంది, గుడ్లు పెడుతుంది. ఒక్క రోజు చాలు, పురుగులు బయటికొస్తాయి. నాలుక అందని చోట్లు, అంటే మెడ వెనుక, చెవి మొదలు, తోక పైన, ఇవే వాటికి ఇష్టం.

ఒక నల్ల కుక్కకి ఆ పురుగులు తీస్తుంటే నేను దాని తల కదలకుండా పట్టుకున్నాను. వెంట్రుకలు గొరిగాక చూస్తే మెడ చుట్టూ ఎర్రటి కాలువ. అందులో బియ్యం గింజల్లా తెల్లగా, తోకలు పైకి పెట్టుకుని కదులుతున్నాయి. పురుగు గాలి పీల్చేది వెనుక వైపు నుంచి. అందుకే గాయాన్ని తడిపి ఊపిరాడకుండా చేస్తే అవి పైకి తేలుతాయి. కాంపౌండర్ పట్టకారుతో ఒక్కొక్కటే తీసి స్టీలు ట్రేలో వేస్తున్నాడు. నూట నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. "ఈయాల అయిపోదన్నా. లోపలున్నయి రేపు బయటికొస్తయి" అన్నాడు. నిజంగానే తెల్లారి ఇంకో ముప్ఫై. టర్పెంటైన్ చుక్కలు వేసిన దూది వాడతారు గానీ, అది కూడా చూసి చూసి. జనం పోసే ఫినాయిల్, కిరోసిన్, పెట్రోలు గాయం కంటే ఎక్కువ హాని చేస్తాయి. కుక్క ఆ తడిని నాకుతుంది, అది లోపలికి పోతుంది. పురుగులు చస్తాయి సరే, కుక్కా చస్తుంది.

గోమార్ల సంగతి వేరే. కొన్ని ఇళ్లలో పిడుదులంటారు. పైకి పేలల్లా కనిపిస్తాయి గానీ, అవి మోసుకొచ్చే ఎర్లీకియా, బబీసియా అనే క్రిములు రక్తాన్ని తినేస్తాయి. హైదరాబాద్‌లో చిగుళ్లు తెల్లబడ్డ కుక్క వస్తే డాక్టర్లు మొదట అనుమానించేది ఈ గోమార్ల జ్వరాన్నే. రక్తంలో ఎర్రకణాల వాటా పదిహేను, ఇరవై శాతానికి దిగితే రక్తం ఎక్కించాలి. దానం చేసేది ఇంకో కుక్కే. ఎన్నడూ రక్తం ఎక్కించుకోని కుక్కకి మొదటిసారి గ్రూపు సరిచూడకుండా ఇచ్చినా సాధారణంగా ఇబ్బంది రాదు. పిల్లులకి మాత్రం అలా కుదరదు, మొదటిసారే గ్రూపు తప్పినా ప్రాణం పోవచ్చు. ఎర్లీకియా తేలితే డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు. పదో రోజుకే కుక్క గంతులేస్తుంది, మందు ఆపేస్తారు, జ్వరం తిరగబెడుతుంది. ఇళ్లలో పెంచేవాళ్లు కూడా చేసే తప్పే ఇది.

షెల్టర్‌కి తనదైన పంచాంగం ఉంటుంది. సంక్రాంతికి మాంజాకి తెగిన పక్షుల రెక్కలు. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, దాని సంగతి పాతబస్తీ మేడల మీద గాలిపటాలు ఎగరేసేవాళ్లందరికీ తెలుసు. మే నెలలో ఎండదెబ్బ. ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను పెట్టాలి. 103.5కి దిగాక చల్లబరచడం ఆపాలి. వానలకి పురుగులూ, పార్వో అనే విరేచనాల జబ్బూ. దీపావళికి కాలిన మూతులు.

"ఖాళీ లేదు" అంటే

ఫోన్ చేస్తే షెల్టర్‌వాళ్లు ఈ మాట అన్నప్పుడు కోపం రావడం సహజం. జాగా లేకపోవడమంటే నేల లేకపోవడం కాదు. పార్వో వైరస్‌ని చూడండి. కుక్కపిల్లలకి రక్తవిరేచనాలు పట్టించే ఈ జబ్బు ప్రపంచానికి తెలిసిందే 1978లో. వైరస్ నేలలో, గోనె సంచిలో, మన చెప్పుల అడుగున నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌కి చావదు. బ్లీచింగ్ ద్రావణం కావాలి, అదీ ముందు పెంట కడిగేశాక. ఎక్కడి నుంచో వచ్చిన కుక్కని రెండు వారాలు విడిగా ఉంచకుండా మిగతా వాటిలో కలిపితే, ఒకదాన్ని కాపాడి పాతిక పిల్లల్ని చంపినట్టు. కాబట్టి షెల్టర్‌కి అసలు కొలత ఎంతమంది డాక్టర్లున్నారన్నది కాదు, విడిగా ఉంచే గదులు ఎన్ని ఖాళీగా ఉన్నాయన్నది. విరాళాలు ఇచ్చేవాళ్లు మందులకిస్తారు, అంబులెన్సుకిస్తారు. గోడలు కట్టడానికి ఎవరూ ఇవ్వరు, గోడతో ఫోటో ఏం బావుంటుంది?

రేబిస్ భయం ఇంకొకటి. నోరు తెరుచుకుని చొంగ కారుస్తూ, మింగలేక ఇబ్బందిపడే కుక్కని చూసి "పాపం, గొంతులో ఎముక అడ్డం పడ్డది" అని చెయ్యి పెట్టేవాళ్లున్నారు. రేబిస్‌లో దవడ కండరాలు పడిపోతే అచ్చం అలాగే కనిపిస్తుంది. ఆవుల్లోనూ అంతే. పొరపాటున చొంగ తగిలినా, గీరుకున్నా సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడలోని ఐపీఎం (ప్రభుత్వ రోగనివారణ సంస్థ)కో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కో వెళ్లాలి. కండకి వేసే పద్ధతిలో సూదులు వెళ్లిన రోజు ఒకటి, ఆపైన 3, 7, 14, 28వ రోజుల్లో. షెల్టర్‌లో పనిచేసేవాళ్లు ముందుగానే వేయించుకుంటారు. వాళ్ల ధైర్యంలో సగం ఆ సూదులదే.

ఎవరికి ఫోన్ చేయాలన్నది ఈ ఊళ్లో నిజంగానే గజిబిజి. జీహెచ్‌ఎంసీ వెటర్నరీ విభాగం ప్రధానంగా వీధికుక్కలకి ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చూస్తుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసిన కుక్కని సాధారణంగా పట్టిన చోటే వదలాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని కుక్కలు కరిచి చంపాక ఈ పని మీద ఒత్తిడి పెరిగింది. కానీ దెబ్బ తగిలిన కుక్కకి వైద్యం వేరే పని. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండ్లు ప్రధానంగా పల్లెల్లో పాడిపశువుల కోసం వచ్చినవి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో 1992లో అక్కినేని అమల, నాగార్జున మొదలుపెట్టిన బ్లూ క్రాస్ పాతది. అర్ధరాత్రి దాటాక దారులు తగ్గిపోతాయి. చేసేదల్లా జంతువుని అట్టపెట్టెలోనో దుప్పటిలోనో చుట్టి, చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేని చోట ఉంచి తెల్లారేదాకా కాపాడటం. కరవకుండా మూతికి గుడ్డ కడతారు గానీ, వాంతి చేసుకుంటున్నా, ఎగశ్వాస తీస్తున్నా కట్టొద్దు.

ఆవు కడుపులో ప్లాస్టిక్ గురించి ఒక మాట. బయటికి కడుపు ఉబ్బి ఉంటుంది, వెన్ను మాత్రం కత్తిలా తేలి ఉంటుంది. కడుపులో పదుల కిలోల కవర్లు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఈ విషయం మీద 2012లో సుప్రీంకోర్టుకే వెళ్లింది. ఆపరేషన్ చేసి తీసేయొచ్చు గానీ, బక్కచిక్కిన ఆవుని వచ్చిన రోజే కోస్తే తట్టుకోదు. ఇక్కడా అదే వరుస, ముందు ఒంటికి కాస్త ఓపిక రావాలి. ఉబ్బరంతో ఊపిరాడకపోతే మాత్రం ఆగరు, ఎడమ డొక్కలో గొట్టం గుచ్చి గాలి తీసేస్తారు.

ఇక ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడనిది: ప్రాణం తీసే ఇంజెక్షన్. నడుము విరిగి, మూత్రం మీద అదుపు పోయి, పుండ్లు పడి ఈడ్చుకుంటూ ఉన్న కుక్క. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు మెదడుకెక్కి ఆగకుండా ఫిట్స్ వస్తున్న కుక్కపిల్ల. నియమాలు దీన్ని ఒప్పుకుంటాయి: బాగుకాని జబ్బో, బతకలేని గాయమో ఉన్నప్పుడు, అర్హత ఉన్న పశువైద్యుడి చేతుల మీదుగా, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే మందుతో. "ఎలాగైనా బతికించండి" అని తెచ్చినవాళ్లు ఏడుస్తారు. తెచ్చి దిగబెట్టి వెళ్లే మనిషికి ఆ మాట తేలికే, రాత్రి పదకొండింటికి పుండు కట్టు మార్చేది ఇంకొకరు. ఇది నా అభిప్రాయమే, చాలామంది ఒప్పుకోరు. మా డాక్టరమ్మ కూడా ఒక్కోసారి ఒప్పుకోదు, ఇంకో రెండు రోజులు చూద్దామంటుంది. ఆ రెండు రోజుల్లో లేచి నిలబడ్డవీ ఉన్నాయి.

లాబ్రడార్ మూడో రోజు కాస్త భయపెట్టింది. వెనుక కాళ్లు వణికాయి, తల వాల్చేసింది. తిండి మళ్లీ సగానికి తగ్గించి, సెలైన్‌లో పొటాషియం కలిపి మెల్లగా ఎక్కించారు. ఐదో రోజుకి సర్దుకుంది. వాచ్‌మన్ ఒకసారి వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. రాత్రిళ్లు తన రొట్టెల్లోంచి ఒకటి టెర్రస్ తలుపు సందులోంచి విసిరేవాడట, కేసులో తన పేరు వస్తుందేమోనని భయం. "నీ రొట్టెలతోనే బతికింది తాతా, పేరొస్తే సాక్షిగా వస్తది" అని డాక్టరమ్మ లోపలికి పిలిచింది.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి డబ్బా కోసం వచ్చింది. ఇంకో డబ్బాలో మళ్లీ పెరుగన్నం తెచ్చింది, ఈసారి అడిగి మూత తీసింది. కాంపౌండర్ గరిటెతో ఒక్క గరిటెడు కొలిచి, గుడ్డుతో కలిపి గిన్నెలో వేశాడు. మిగతాది మూతపెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. కుక్క గిన్నెని గోడదాకా తోసుకుంటూ నాకింది. అతను రిజిస్టర్ తెరిచి రాశాడు: పెరుగన్నం, ఒక గరిటె, ఉదయం 11. బరువు 15.2.